పుక్కిలి నీళ్లు

సాయంత్రమయ్యేసరికి మేస్త్రి నారాయణ గోడౌను తలుపు ఒక రెక్క మూసేస్తాడు. తెరిచిన రెక్క దగ్గర నల్ల రబ్బరు తట్ట ఒకటి పెడతాడు. పక్కన నీళ్ల బిందె, దాని మీద స్టీలు గ్లాసు. అప్పుడు ఆడవాళ్లంతా వరుసలో నిలబడాలి, పిల్లల్ని ముందు నిలబెట్టుకోవాలి. ఒక్కొక్కరే వచ్చి గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని, బాగా పుక్కిలించి, తట్టలో ఊయాలి. నీళ్లు తేటగా పడితే ఇంటికి పోవచ్చు. తెల్లగా పడ్డాయా, ఆ రోజు కూలి సగమే.

చెనిక్కాయ పప్పు నమిలిన నోరు దాచుకోలేదు. ఎంత మింగినా పళ్ల సందుల్లో నిలిచిపోతుంది, నీళ్లు తగలగానే పాలు విరిగినట్టు బయటికొస్తుంది. నల్ల తట్టలో అయితే మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ ఉపాయం షావుకారికి ఎవరు చెప్పారో గానీ, వాళ్ల నోట్లో మన్ను పడ!

గోడౌనంటే అనంతపురం చివర, రైలుపట్టాలకు అవతల, ఒక పెద్ద రేకుల కొట్టం. ఒక పక్క కప్పు దాకా చెనిక్కాయల మూటలు. మధ్యలో గుట్టలు. గుట్టల చుట్టూ ఆడవాళ్లు గొంతుక్కూర్చుని విత్తనానికి కాయలు ఒలుస్తారు. మిషన్లో పోస్తే చిటికెలో అయ్యే పనే. కానీ మిషను పప్పు మీది ఎర్ర పొరను లేపేస్తుంది, పొర లేచిన విత్తనం మొలవదు, భూమిలో కుళ్లిపోతుంది. అందుకే చేత్తో ఒలవాలి. కాయ ముక్కును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి టప్పున నొక్కితే పెచ్చు రెండుగా విచ్చుకోవాలి, పప్పుకు గోరు తగలకూడదు. పొద్దుగూకేసరికి బొటనవేలు బుడ్డలాగా వాచిపోతుంది. ఒలిచినదాన్ని డబ్బాతో కొలిచి, పక్కనే పప్పు గుట్టలో పోయించుకుని కూలి ఇస్తారు. ఆ ఆడవాళ్లలో ముప్పాతిక మంది, వానలు ఎగ్గొట్టక ముందు, ఇవే కాయలను సొంత చేలల్లో పండించి బండ్ల కొద్దీ తోలినవాళ్లు. ఇప్పుడు గుట్ట ముందు కూర్చుని ఒక్క పప్పు నోట్లో వేసుకుంటే దొంగలు!

ఆ వరుసలో ఓబమ్మకు మాత్రం భయం ఉండేది కాదు. గోడౌన్లో చేరిన నాటి నుంచి ఆమె నీళ్లు ఒక్కసారి కూడా తెల్లగా పడలేదు. ఆమె కూతురు మల్లీశ్వరివీ అంతే. మల్లికి నాలుగేళ్లు నిండాయి గానీ చూసినవాళ్లు రెండేళ్ల పిల్ల అనుకుంటారు. జుట్టు ఎర్రబారి, పొట్ట ముందుకొచ్చి, కాళ్లు చీపురుపుల్లల్లా ఉంటాయి. ఆ పిల్ల తన వంతు రాగానే గ్లాసును రెండు చేతులా పట్టుకుని, బుగ్గలు పొంగించి, నీళ్లను అటూ ఇటూ తిప్పి, తట్ట మీదికి వంగి పెద్దమనిషిలా ఊసేది.

"తేట!" అన్నాడు నారాయణ ఆ రోజు కూడా. "సూడండి మే. నేర్చుకోండి."

ఓబమ్మ కొంగు సర్దుకుని తల ఎత్తుకుని నిలబడింది. నిజం చెప్పొద్దూ, అప్పుడామెకు గర్వంగానే ఉంది. కరువు అన్నీ తీసుకుపోయినా తాను మాత్రం మాట పోనివ్వలేదని.

వెనక ఎలిజబెత్ వంతు వచ్చింది. ఆమె నీళ్లు బాగానే పడ్డాయి. కొడుకు దావీదు మూడేళ్లవాడు, గ్లాసు చూడగానే నోరు బిగించుకున్నాడు. నారాయణ వాడి దవడలు పట్టి నీళ్లు పోశాడు. వాడు ఉక్కిరిబిక్కిరై దగ్గితే తట్టలో తెల్లటి తరక పడింది.

"సగం," అన్నాడు నారాయణ.

"అన్నా, పసిపిల్లోడు గదన్నా. రాలిందేదో ఏరుకోని తినుంటాడు. నీ కాళ్లు పట్టుకుంటా."

"నా కాళ్లు పట్టుకుంటే ఏమొస్తాది ఎలిజబెత్తూ? షావుకారి కాళ్లు కాదు గదా ఇవి."

ఇంటికి నడుస్తుంటే ఎలిజబెత్ దారంతా ఏడుస్తూనే ఉంది. దావీదు తల్లి చంకలో ఉండి పళ్ల సందుల్లో మిగిలినదాన్ని నాలుకతో తీసుకుని చప్పరిస్తున్నాడు. ఓబమ్మకు చిరాకేసింది.

"ఏడిస్తే ఏమొస్తాది మే? పిల్లోనికి రెండు దెబ్బలేసి నేర్పుకోవల్ల. నా కూతురు తింటాండాదా?"

ఎలిజబెత్ ఆగి మల్లిని కిందికీ మీదికీ చూసింది.

"నీ కూతురు పిల్ల కాదక్కా," అంది. "బొమ్మ."

ఓబమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. కూతురి చెయ్యి లాక్కుని ముందుకు నడిచింది.

పాతబావి కొట్టాలని పేరు ఆ చోటికి. బావి ఉంది, నీళ్లు లేవు. బత్తలపల్లె దిక్కు నుంచి, ఇంకా అవతల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు రేకులూ గోనెలూ కప్పుకుని ఉంటున్నారు. ఓబమ్మ పొయ్యి అంటించి గుప్పెడు నూకలు చెంబెడు నీళ్లలో వేసింది. రేషన్ కార్డు ఉంది ఆమెకు. ఊళ్లో ఉంది. ఇక్కడి డీలరును అడిగితే మీ ఊరికే పొమ్మంటాడు. పోవాలంటే ఒక రోజు పని పోతుంది, తీరా పోతే స్టాకు రాలేదంటారు. మొగుడు తిమ్మన్న బెంగుళూరులో సిమెంటు పనికి పోయాడు. ఆదివారం టీకొట్టు దగ్గర కాయిన్ బాక్సుకు ఫోను చేస్తానన్నాడు. పోయిన ఆదివారం రాలేదు, అంతకు ముందుదీ రాలేదు.

గంజి చల్లారింది. మల్లి గ్లాసు ఎత్తి గుటగుటా తాగేసి, అడుగున మిగిలిన నూకల్ని వేలితో తీసుకోబోయి ఆగి, వేలును వాసన చూసి, గౌనుకు తుడుచుకుంది. చేరిన కొత్తల్లో ఒకసారి పప్పు నోట్లో పెట్టుకుందని ఓబమ్మ వేపాకు నూరి ఆ వేళ్లకు పూసింది. అది ఎప్పుడో కడిగేశారు. పిల్ల మాత్రం ఇప్పటికీ వేళ్లు నాకదు.

"ఇంగా ఉందా అమ్మా?" అనడిగింది.

"ల్యాదు. పడుకో."

పిల్ల అడ్డం చెప్పలేదు. అడ్డం చెబితే బాగుండునని ఓబమ్మకు ఆ రోజే మొదటిసారి అనిపించింది.

మరునాటి ఎండ రేకుల్ని కాల్చేసింది. జూన్ వచ్చినా ఒక్క మబ్బు లేదు. గోడౌన్లో గాలి కదలదు, పెచ్చుల ధూళి ముక్కుల్లో కూరుకుపోతుంది. మల్లి పని గుట్ట చుట్టూ చెదిరిపోయిన పప్పుల్ని ఏరి తల్లి డబ్బాలో వేయడం. ఎవరూ చెప్పలేదు, తనే నేర్చుకుంది. ఓబమ్మ పక్కన కూర్చునే ముసలి తిమ్మమ్మ ఆ పిల్లను చూసి, "ఇది కోడిపెట్ట మాదిరి తిరుగుతాంది గానీ, కోడిపెట్ట అయినా ఏరుకున్నది తింటాది గదే," అని నవ్వింది. తిమ్మమ్మకు పళ్లు సగం లేవు, నోరు మాత్రం పూర్తిగా ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళ కాకముందే మల్లి గుట్ట పక్కన కూర్చుండిపోయింది. తర్వాత మెల్లగా పక్కకు ఒరిగింది. నిద్రపోతుందేమో అనుకుంది ఓబమ్మ. డబ్బా నిండబోతోంది, నింపాక లేపుదామనుకుంది. ఎలిజబెత్తే చూసింది, పిల్ల కళ్లు సగం తెరిచి తెల్లగుడ్లు కనిపించడం.

"అక్కా! పాప!"

డబ్బా తన్నుకుని పప్పులన్నీ చిందిపోయాయి. ఓబమ్మ పిల్లను ఒళ్లోకి లాక్కుని చెంపలు తట్టింది. ఒళ్లు చల్లగా చెమట పట్టి ఉంది. ఆడవాళ్లు చుట్టూ మూగారు. "గాలి ఆడనీండి మే, జరగండి!" అని తిమ్మమ్మ అరిచింది.

నారాయణ పరుగెత్తుకొచ్చాడు. "పప్పు గొంతుకు అడ్డం పడిందేమో సూడండి!" అంటూ పిల్ల నోరు తెరిచి వేలు పెట్టి చూశాడు. బిందెలోని నీళ్లు మొహాన కొట్టాడు. మల్లి ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ఎదురుగా మేస్త్రి, చేతిలో గ్లాసు. ఆ పిల్లకు సాయంత్రమైందనిపించిందేమో, గ్లాసు అందుకుని నోట్లో నీళ్లు పోసుకుని, ఉన్న కాస్త బలంతో బుగ్గలు పొంగించి, తట్ట కోసం అటూ ఇటూ చూసి, కనబడక నేల మీద ఊసింది.

నీళ్లు తేటగా పడ్డాయి.

 ఎలిజబెత్ వంగి మల్లి పిడికిలి విప్పింది. అందులో పప్పులున్నాయి, ఏరినవి, చెమటకు తడిసి ఎర్ర పొర అరచేతికి అంటుకుని.

నారాయణకు ప్రాణం లేచొచ్చింది. గోడౌన్లో పిల్ల చస్తే షావుకారి తనను బతకనిస్తాడా? ఆ సంతోషంలోనే కాబోలు, అందరికీ వినబడేట్టు అన్నాడు:

"పెంచితే ఇట్ల పెంచల్ల మే పిల్లల్ని! కండ్లు తిరిగి పడిపోయినా గూడా, చేతిలో ఉండేది ఒక్కటి నోట్లో ఏసుకోల్యా సూడు. ఓబమ్మా, నీ కడుపున పుట్టినందుకు నీ బుద్ధే వచ్చినాది పాపకు."

మంచిగానే అన్నాడు పాపం. కానీ ఆ మాటతో ఓబమ్మకు నేల మీద నిలబడే చోటు లేకుండా పోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఒక్కరూ ఆమె మొహం చూడలేదు. దొంగతనం చేసి పట్టుబడితే కూడా అంత సిగ్గు వేసేది కాదు. పిల్లను భుజాన వేసుకుని, పప్పులు అక్కడే వదిలేసి, కూలి అడగకుండా బయటికి నడిచింది.

అంగన్‌వాడీ టీచరు హేమలత సెంటరుకు తాళం వేయబోతోంది. వీళ్లను చూసి మళ్లీ తెరిచింది. దూలానికి తగిలించిన తక్కెట్లో మల్లిని కూర్చోబెట్టి ముల్లు చూసింది. చూసి పెదవి కొరుక్కుంది. కనురెప్పలు కిందికి లాగి చూసింది, కాళ్ల మీద బొటనవేలితో నొక్కి చూసింది.

"ఏం రోగమమ్మా?" అనడిగింది ఓబమ్మ.

"రోగమేం ల్యాదక్కా. ఆకలి." హేమలత గోడవారగా ఉన్న ఖాళీ గోనెల వైపు చూపించింది. "ఈడ పిల్లోల్లకు పిండి పెడతాంటిమి. నెల దాటింది లారీ రాక. అడిగినప్పుడల్లా రేపు రేపు అంటాండారు. నేనేం చేసేది? నీ పాపకు మందులేం వద్దు. రోజూ గుప్పెడు చెనిక్కాయ పప్పు పెట్టు, ఇంత బెల్లం ముక్క పెట్టు. నెల తిరిగేసరికి లేసి ఉరుకుతాది. దాన్ని మించిన బలం ల్యాదు పిల్లోల్లకు."

ఓబమ్మ నవ్వింది. మొదట చిన్నగా నవ్వింది, తర్వాత కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. హేమలత భయపడిపోయి ఆమె భుజం పట్టుకుంది.

"ఏమక్కా, ఏమైంది? నువ్వు యాడ పని చేస్తాండావు?"

"చెనిక్కాయల గోడౌన్లో," అంది ఓబమ్మ కళ్లు తుడుచుకుంటూ.

 హేమలత తన సంచిలో ఇంటికని కొనుక్కున్న బెల్లం ఉంటే సగం విరిచి మల్లి చేతిలో పెట్టింది. మల్లి తల్లి వైపు చూసింది. తినమని తల్లి తలూపేదాకా నోటి దగ్గరికి తీసుకుపోలేదు.

మరుసటి రోజు ఓబమ్మ పనికి వచ్చింది. నారాయణ, "పాప బాగుండాదా?" అనడిగితే తలూపి గుట్ట ముందు కూర్చుంది. చాలాసేపు తల ఎత్తకుండా ఒలిచింది. టప్, టప్. మల్లి ఎప్పటిలాగే చెదిరినవి ఏరబోతుంటే చెయ్యి పట్టి కూర్చోబెట్టుకుంది. నాలుగు పప్పులు తీసి అరచేతిలో పెట్టింది.

"తిను."

మల్లి మూతి బిగించింది. చేతిలోవి డబ్బాలో వేసేసింది.

"డబ్బాలోకి కాదే. నోట్లోకి. తినమంటాండా."

"మేస్త్రి మామ అరుస్తాడు," అంది పిల్ల గుసగుసగా. రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. ఓబమ్మ ఒక పప్పును ఆ పెదవులకు ఆనించింది. పిల్ల మొహం పక్కకు తిప్పేసుకుని ఏడవడం మొదలుపెట్టింది, అది కూడా చప్పుడు కాకుండా.

కన్నతల్లి అన్నం పెడుతుంటే భయపడి ఏడ్చే పిల్లను మీరెక్కడైనా చూశారా? ఓబమ్మ చూసింది. తనే చేసుకున్న పని అది. తన చేత్తో వేపాకు నూరి పూసింది, తన నోటితో గొప్పలు చెప్పుకుంది.  డబ్బాలో చెయ్యి పెట్టి, ఒలిచిన పప్పు పిడికిలి నిండా తీసుకుని, నోట్లో పోసుకుంది.

కరకరమని నమిలింది. మెల్లగా నమలడం, కొంగు అడ్డం పెట్టుకోవడం, అవేమీ లేవు. ఆ కొట్టంలో నమిలే చప్పుడు అంతకు ముందు ఎప్పుడూ లేదు, అందుకని అందరికీ వినబడింది. ఒలిచే చేతులు ఆగిపోయాయి.

"ఏమే ఓబమ్మా, పిచ్చి లేచిందా?" అంది తిమ్మమ్మ.

"లేచింది పెద్దమ్మా. ఇన్ని దినాలకు లేచింది."

తిమ్మమ్మ ఆమెనూ మల్లినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ముక్కు చీదుకుని అంది: "మా ఊర్లో కల్లంలో తిన్నదానికి ల్యాక్క యాడిదే? కాయ తెంపేటోళ్లు, మోసేటోళ్లు, దోవన పోయేటోళ్లు, ఎవురైనా కడుపు నిండా తినేటోళ్లు. ఎంత పెద్ద రెడ్డి కల్లమైనా సరే, తినొద్దనే మొగోడు ఉండ్లా. కుప్పకు దిష్టి తగుల్తాదని పిలిసి పిలిసి పెడతాండ్రి. ఈ నాబట్ట షావుకారి యాడి నుంచి వచ్చినాడో మరి." అని, ఉన్న సగం పళ్లతో నమలలేనని రెండు బద్దల్ని రాతి మీద నూరుకుని మరీ నోట్లో వేసుకుంది.

నారాయణ వచ్చి ఓబమ్మ ముందు నిలబడ్డాడు. అతనికి కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"నువ్వేనా మే?"

"నేనే అన్నా. సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే తట్ట తెచ్చుకో."

"సగం కూలి పోతాది."

"సగమెందుకు, అంతా పెట్టుకో. కానీ తిన్నాను గదా, దొంగతనం చేయల్యా. నీ ముందర తిన్నా. దొంగలు ఎవురన్నా ముందర తింటారా?"

ఆ పూటంతా ఒక్కొక్కరే పప్పు నోట్లో వేసుకుంటూనే ఉన్నారు. సాయంత్రం నారాయణ తట్ట పెట్టాడు. ఓబమ్మ అందరికంటే ముందు వచ్చి నిలబడింది. పుక్కిలించింది. తట్టలో తెల్లగా పడింది. వెనక ఎలిజబెత్, ఆమెదీ తెల్లగానే పడింది. తర్వాత దావీదు. తర్వాత తిమ్మమ్మ, కాండ్రించి మరీ ఊసింది. ఆ తర్వాత వాళ్లు కొందరు తేటగా ఊసి తలలు దించుకుని పోయారు, ఇంట్లో పిల్లలున్నారు పాపం వాళ్లకూ. కానీ ఎక్కువ మందివి తెల్లవే. తట్ట అడుగు కనబడకుండా పోయింది. మల్లివి మాత్రం ఎప్పటిలాగే తేటగా పడ్డాయి. ఈసారి నారాయణ "తేట" అనలేదు.

షావుకారి కాటా దగ్గరి నుంచి లేచి వచ్చాడు. తట్టలోకి చూసి ముఖం చిట్లించాడు. "అంటే అందరూ కూడబలుక్కున్నారన్న మాట," అన్నాడు. "తెల్లనీళ్లు పడినోళ్లకు ఈ దినం కూలి ల్యాదు. రేపట్నుంచి పిల్లలున్నోళ్లు ఎవురూ ఈ గడప తొక్కొద్దు. నారాయణా, వేరే కొట్టాల నుంచి మనుషుల్ని దింపు."

ఆ సాయంత్రం పాతబావి కొట్టాల్లో చాలా పొయ్యిలు రాజుకోలేదు.

తర్వాతి రోజంతా ఓబమ్మ గుడిసె ముందే కూర్చుంది. చేతులకు పని లేకపోతే ఏం చేయాలో తోచలేదు. బొటనవేలు ఊరికే చూపుడువేలిని నొక్కుతూ ఉంది. మల్లికి మొన్నటి బెల్లం ముక్కలో మిగిలినది పెట్టి, గ్లాసు నీళ్లు తాగించింది. అవతల గుడిసెలో పిల్లవాడు ఆకలికి ఏడుస్తున్నాడు, వాళ్లమ్మ వచ్చి ఓబమ్మ ముందు నిలబడింది.

"నీ రోషం నీది. నా పిల్లోల్లు ఏం చేసినారే తల్లీ నీకు? మీరు తెల్లగా ఊస్తిరి, తేటగా ఊసిన నా నోట్లో గూడా మన్ను పడె. పిల్లోల్లున్నోళ్లు ఎవురూ రావద్దంటాండాడు. పోయి షావుకారి కాళ్ల మీద పడు."

ఓబమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంతమంది నోటి కాడి కూడు తీశానా అనుకుంది. లేచి రెండడుగులు వేసింది కూడా. గుడిసె లోపల మల్లి గోడకు ఆనుకుని, అడగకుండా, ఏడవకుండా కూర్చుని ఉంది. ఓబమ్మ వెనక్కి వచ్చేసింది.

"పడను మే," అంది. "తిట్టుకో, కొట్టుకో, నేను పడను. పడితే నా కూతురు ఇంగెప్పుడూ నోరు తెరవదు."

ఆ ఆడమనిషి తిట్టుకుంటూనే పోయింది. కానీ కాసేపటికి ఎలిజబెత్ చేటలో అందరి ఇళ్ల నుంచీ ఇన్ని ఇన్ని నూకలు అడుక్కొచ్చింది. తిమ్మమ్మ గుడిసె ముందు ఒకే గంజి కాచి పిల్లలందరికీ పోశారు. తిట్టినావిడ పిల్లలూ వచ్చారు. చాలలేదు. చాలుతుందని ఎవరూ అనుకోలేదు కూడా.

పొద్దుగూకేముందు తూర్పున మబ్బు లేచింది. రేకుల మీద చినుకులు పడ్డాయి, తర్వాత వాన కురిసింది, మృగశిర కార్తె వాన, మూడేళ్ల తర్వాత మొదటిసారి వేళకు వచ్చిన వాన. జనం గుడిసెల్లోంచి బయటికొచ్చి తడిశారు. తిమ్మమ్మ ఆకాశం వైపు చేతులు చాపి, "ఇప్పుడు గుర్తొచ్చినామా దొంగ నాయాలా!" అని తిట్టింది. జిల్లా అంతా ఇక విత్తనం కోసం ఎగబడుతుందని అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. 

తెల్లారి నారాయణ సైకిలు మీద వచ్చాడు. బురద చిల్లిన పంచె, నిద్రలేని కళ్లు. కొత్తగా తెచ్చిన మనుషులు కాయల్ని రాయితో కొట్టి పప్పంతా నలిపేశారట, రైతులు ట్రాక్టర్లు కట్టుకొచ్చి గోడౌను ముందు నిలబడ్డారట. అతను ఇవన్నీ చెప్పలేదు. ఎలిజబెత్ మొగుడు యేసన్న అటు పోయి చూసొచ్చి ముందే చెప్పాడు.

"రండి మే పనికి. షావుకారి రమ్మన్నాడు. పిల్లోల్లను మాత్రం ఇండ్ల కాడ పెట్టి రండి."

"ఎవురి కాడ పెట్టేది అన్నా? నీ పెండ్లాం సాకుతాదా?" అంది తిమ్మమ్మ.

ఓబమ్మ ముందుకొచ్చింది. మల్లి ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడింది.

"పిల్లోల్లు వస్తారు. వస్తే తింటారు. తట్ట ఉండగూడదు. దానికొప్పుకుంటే చెప్పు, ఇప్పుడే వస్తాం."

"నా పని పోతాది ఓబమ్మా."

"మాది పోయింది గదా. మేము ఈడే ఉండాం, సావల్యా."

నారాయణ సైకిలు వెనక్కి తిప్పుకున్నాడు. తర్వాత తిరిగి ఎక్కి వెళ్లిపోయాడు. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిన్న తిట్టినావిడ "పోయినాడు, ఇంగ రాడు," అంది.  ఓబమ్మ కూడా అదే అనుకుంది. అనుకునే కూర్చుంది.

ఎండ నడినెత్తికి రాకముందే సైకిలు మళ్లీ కనబడింది. ఈసారి అతను దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, ఎవరి మొహమూ చూడకుండా, "రండి," అన్నాడు. "పిల్లోల్లు గూడా." అనేసి వచ్చిన దారినే తొక్కుకుంటూ పోయాడు.

గోడౌన్లో చినుకు తడి వాసన వేస్తోంది. తలుపు రెండు రెక్కలూ తీసే ఉన్నాయి. దావీదు తన తల్లి చంకలోంచి జారి పప్పు గుట్ట మీదికి ఎగబాకాడు. రెండు చేతులతో తీసుకుని రెండు బుగ్గల్లో కుక్కుకున్నాడు. మిగతా పిల్లలు మొదట బెదిరి, తర్వాత వాడిని చూసి చేరారు. తల్లులు ఒలుస్తూ ఓరకంట షావుకారి కుర్చీ వైపు చూస్తున్నారు. షావుకారి అటు తిరిగి ట్రాక్టరు వాళ్లతో మాట్లాడుతున్నాడు. వినబడనట్టే ఉన్నాడు.

మల్లి మాత్రం గుట్ట చుట్టూ తిరిగి చెదిరినవి ఏరుతోంది. ఏరి తల్లి డబ్బాలో వేస్తోంది.

ఓబమ్మ అయిదారు పప్పులు అరచేతిలో పెట్టి పిలిచింది. పిల్ల చూసింది. తల అడ్డంగా ఊపింది. "దావీదు సూడు, తింటాండాడు," అని ఎలిజబెత్ బుజ్జగించింది. "నా బంగారు కదా," అని తిమ్మమ్మ అంది. మల్లి ఎవరి వైపూ చూడడం లేదు. మూటల దగ్గర నిలబడ్డ నారాయణ వైపే చూస్తోంది.

అప్పుడర్థమైంది ఓబమ్మకు, తాను ఎంత చెప్పినా లాభం లేదని.

"నారాయణన్నా," అని పిలిచింది. అందరికీ వినబడేట్టే పిలిచింది. "ఈడికి రా. నువ్వు చెప్పు దానికి."

"ఏం చెప్పల్ల మే?"

"తినమని చెప్పు. నేను చెప్తే వినల్యా. నీ మాటే వింటాది."

టప్ టప్ చప్పుడు మెల్లగా ఆగిపోయింది. అందరూ అతన్నే చూస్తున్నారు. ట్రాక్టరు దగ్గర షావుకారి మాట కూడా ఆగింది. నారాయణ ఒకసారి అటు చూశాడు. ఆ తర్వాత భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని వచ్చి మల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. 

"తిను పాపా," అన్నాడు.

మల్లి అతని చేతుల వైపు చూసింది. ఆ చేతుల్లో గ్లాసు లేదు.

"పుక్కిలించల్నా మామా?"

నారాయణ తల దించుకున్నాడు. అతనికీ ఇంట్లో ఆడపిల్లలున్నారు. "వద్దు తల్లీ," అన్నాడు. "ఇంగ వద్దు."

పిల్ల ఒక్క పప్పు తీసి నాలుక మీద పెట్టుకుంది. నమలకుండా అలాగే ఉంచుకుని తల్లిని చూసింది. "నములు," అంది ఓబమ్మ. మల్లి నమిలింది. ఆగింది. మళ్లీ నమిలింది. ఆ ఎండిన మొహంలో ఏదో వింత కనబడింది.

"అమ్మా, ఇది తియ్యగుండాది!" అంది గట్టిగా. ఆ పిల్ల గొంతు అంత గట్టిగా ఉంటుందని గోడౌన్లో ఎవరికీ తెలియదు. "ఇంగా కావల్ల. ఇంగా ఇయ్యి!"

ఓబమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. పప్పు గుట్టలో మోచేతుల దాకా చేతులు దూర్చి, దోసిలి నిండా పప్పు తీసి కూతురి గౌను ఒడిలో పోసింది. మళ్లీ తీసి మళ్లీ పోసింది. షావుకారి ఇటే చూస్తున్నాడని ఎలిజబెత్ మోచేత్తో పొడిచింది.

"సూడనీ," అంది ఓబమ్మ, ఇంకో దోసిలి పోస్తూ.